శ్రావణి సీవీలో గడ్డివాము

బావా,

ఈరోజుకి నువ్వు పోయి నాలుగేళ్లు. మన అమ్మాయి శ్రావణి నీలాగే ఫైర్ ఉద్యోగానికి సీవీ పంపింది.

ఉదయం నాకు చదివి వినిపించింది. డిప్లొమా వివరాలు బాగానే ఉన్నాయి. వాటి కింద ధైర్యవంతురాలిని, సేవాభావం ఉంది అని రాసుకుంది. అన్నేళ్లు మంటల్లోకి వెళ్లొచ్చి నువ్వు ఒక్కసారైనా అలాంటి మాట అన్నావా? గుమ్మంలో బూట్లు విప్పుతూ, ముందు ఏం చేశావో తర్వాత ఏం చేశావో చెప్పేవాడివి. నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆ అలవాటుతోనే కిందటి వేసవిలో శ్రావణి చేసిందీ రాశాను. తీసి చూపించాను.

"కోటబొమ్మాళిలో పిన్నివాళ్ల గడ్డివాము అంటుకుంటే ముందు గేదెల పలుపులు కోసీసినావు. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ సేసినావు. బండి వచ్చీలోగా దారికడ్డంగా ఉన్న ఆటోలు తీయించినావు. ఇది రాయే."

"సీవీలో గేదెల గురించి ఏటి రాస్తారమ్మా? నవ్వుతారు!"

"నవ్వితే నవ్వనీ. సేసింది సెప్పడానికి సిగ్గేటే?"

మూతి ముడుచుకునే రాసింది. ధైర్యం అన్న మాట మాత్రం తనే కొట్టేసింది. పంపేముందు మళ్లీ పైకి చదివింది. తండ్రి పేరు దగ్గర తప్ప నువ్వు అందులో ఎక్కడా లేవు బావా. అయినా వింటుంటే, గుమ్మంలో బూట్లు విప్పుతూ నువ్వు చెప్తున్నట్టే ఉంది.