మంట తలదాచుకునే గుంట

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న మనసారా దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మ మోకాలు కూడా ఈ వారం పేచీ పెట్టలేదు. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ ఇంజను పరీక్షలో పన్నెండు సెకన్లు మండిందని చదివి కాళ్లు నేలమీద నిలవలేదమ్మా! మన రేకుల కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. బకెట్‌కి మాటు వేయించుకోవడానికి వచ్చినాయన, "పన్నెండు సెకన్లేనా? మా పొయ్యి పూటంతా మండుతుంది" అన్నాడు. "ధ్వనికన్నా ఆరు రెట్లు వేగంగా గాలి కొడితే మండుతుందా మరి?" అన్నాను. మీ అమ్మ లోపలినుంచి, "మంట ఊదింది మీరే అయినట్టు ఏం సంబరమండీ!" అని ఎత్తిపొడిచింది.

నాకు అర్థమైందా అని అడిగావు. అయింది తల్లీ. రాకెట్టు మంటకు కావలసిన ఆక్సిజన్‌ని మూటగట్టుకుని పోతుంది; నీది దారిలో దొరికిన గాలినే తాగుతుంది. లోపల రెక్కలూ పంకాలూ లేవు, తన వేగంతోనే గాలిని నోట్లో కుక్కుకుంటుంది. అందుకే మొదట రాకెట్టు తోసి ఆ వేగం అందించాలి. గొట్టంలో ఆ గాలి ఉండేది సెకనులో వెయ్యో వంతు సేపే. ఆలోగా ఇంధనం కలవాలి, అంటుకోవాలి. పెనుగాలిలో అగ్గిపుల్ల వెలిగించినట్టే! అందుకని గొట్టం లోపలి గోడలో చిన్న గుంట పెడతారు. గాలి అక్కడ సుడి తిరుగుతూ కాస్త ఆగుతుంది, మంట అందులో తలదాచుకుంటుంది.

నీ ఉత్తరంలో ఆ గుంట గురించిన వాక్యం దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి.

కాలేజీ పోటీకి, గాలిలో మంట నిలిపేందుకు నువ్వు చేసుకున్న రేకు గొట్టం ఉందా అనీ అడిగావు. ఉంది. "గుంట లోతు లెక్క నేనెలా తప్పానో కొత్తగా చేరిన పిల్లలకు చూపిస్తాను" అని రాశావు. నీ లెక్క తప్పలేదు, బుజ్జమ్మా.

పోటీ రోజు పొద్దున నువ్వు తల దువ్వుకుంటుంటే ఆ గొట్టం చేతిలోకి తీసుకున్నాను. పక్కన బుడిపె కనబడింది; లోపలివైపు అదే నీ గుంట అని నాకప్పుడు తెలియదు. రేకుపనివాడి కూతురు సొట్ట గొట్టం పట్టుకెళితే నలుగురూ నవ్వరా అనుకుని చెక్కసుత్తితో తట్టడం మొదలెట్టాను. గుంట లోతు సగానికి తగ్గాక, "నాన్నా, టైమైపోతోంది" అని పిలిచావు. గబగబా గుడ్డలో చుట్టి ఇచ్చేశాను. అక్కడ గాలి కొట్టగానే మంట ఆరిపోయిందట. "నాకు లెక్కలు రావు నాన్నా" అని ఏడ్చావు. నా సుత్తి దెబ్బలవల్లేనేమోనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అయినా నీకు చెప్పలేదు. ఆ చదువు మానేసి మూడేళ్లు గుమాస్తా పని చేశావు, అప్పుడూ చెప్పలేదు. మళ్లీ వెళ్లావంటే అది నీ పట్టుదల, నా పుణ్యం కాదు.

గొట్టం పంపుతున్నాను. లోతు మళ్లీ తీద్దామని చెయ్యి లాగింది, కానీ ముట్టుకోలేదు. పిల్లలకు చూపించు. తప్పెవరిదని అడిగితే మా నాన్నదని చెప్పు. నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరం వద్దు తల్లీ, ఫోను చెయ్యి. నీ గొంతుతోనే వింటాను.

ఇట్లు,
నిన్ను చూసి పొంగిపోతూ, నీ ముందు తలెత్తలేని
మీ నాన్న