నాలుగు చక్రాల ధైర్యం

ట్రావర్స్ సిటీ, మిషిగన్
నవంబర్ 18

ప్రియమైన మీకు,

ఫోన్‌లో మొదలుపెట్టిన ప్రతి మాటా పోట్లాటలో తేలుతోంది కాబట్టి, ఒప్పుకున్నట్టే మెయిల్ రాస్తున్నాను. క్రిస్మస్‌కి మీరొస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి అవని కాలు ఒకచోట నిలవడం లేదు. డాడీకి మంచు దిబ్బల మీంచి చెక్క మీద జారే స్లెడ్డింగ్ నేర్పుతానంటోంది. వచ్చి ఇక్కడి చలికాలం ఒక్కసారి చూడండి. నేను ఈ హాస్పిటల్ ఫార్మసీ ఉద్యోగం మానేసి, పిల్లని తీసుకుని ఫ్రిస్కో రావాలా వద్దా అన్నది అప్పుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం.

ఒక్క మనవి. ఇద్దరం కార్‌లో ఉంటే స్టీరింగ్ మీదే అన్న మన ఇంటి ఆనవాయితీని ఆ వారం పక్కన పెట్టండి. రోడ్డంతా మంచు పరుచుకుని ఉంటేనే నేను నాలుగు చక్రాలూ లాగే ఫోర్-వీల్ డ్రైవ్ వేస్తాను. పొడి రోడ్డు రాగానే తీసేస్తాను, లేకపోతే మలుపుల్లో బండి బిగుసుకుపోతుంది. పైగా అది బండిని కదిలిస్తుందే కానీ ఆపదు. బ్రేక్ వేస్తే అదీ మిగతా బళ్ళలాగే జారుతుంది. కోపం తెచ్చుకోకండి, తెలియాలని రాశాను.

మీ
పద్దు

ఫ్రిస్కో, టెక్సస్
నవంబర్ 21

ప్రియమైన పద్దూ,

నీ పాఠం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇక్కడి గుడి పార్కింగ్‌లో నీకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఎవరు తల్లీ? ఫోర్-వీల్ బండి కొనమని చెప్పింది ఎవరు? నాలుగు చక్రాలూ లాగుతుంటే మంచేం చేస్తుంది?

నువ్వు తోలుతుంటే నేను పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చోవాలా? అవని ఆ ఫొటో ఒక్కటి పెట్టిందంటే నా ఫ్రెండ్స్, రఘువీర్ వాళ్ళు, ఏడాదంతా నన్ను ఆడుకుంటారు. అసలు ఇక్కడికి వచ్చేస్తే ఈ గోలే ఉండదు. ఉద్యోగానికి నోటీస్ ఇచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటాను.

ప్రేమతో
ప్రకాశ్

ట్రావర్స్ సిటీ
డిసెంబర్ 14

ప్రియమైన మీకు,

నిన్న డ్యూటీ నుంచి వస్తుంటే హైవే పక్క గుంతల్లో బళ్ళు పడి ఉన్నాయి. చాలావరకు పెద్ద పెద్ద ఫోర్-వీల్ బళ్ళే. చిన్న కార్లవాళ్ళు భయంతో మెల్లగా వెళ్తారు. వీళ్ళకి బండి సులువుగా కదిలేసరికి రోడ్డు బాగుందనిపిస్తుంది, ఆపాల్సి వచ్చినప్పుడు కానీ తెలియదు.

సరే, మీరే తోలండి, నేను వాదించను. నేను మెల్లగా అన్నప్పుడు మాత్రం మెల్లగా పోనివ్వండి. వెనక సీట్లో అవని ఉంటుంది.

మీ కోసం గోంగూర పచ్చడి చేసి పెట్టాను.

మీ
పద్దు

ఫ్రిస్కో
జనవరి 9

ప్రియమైన పద్దూ,

అవని కాలు ఎలా ఉంది? రెండో ఆపరేషన్ బాగా అయిందని డాక్టర్ చెప్పాడన్నావు, ఆ ఒక్క మాటతో నిద్రపట్టింది. లీవ్ లేక వచ్చేశాను కానీ మనసంతా అక్కడే ఉంది.

జరిగినదాని గురించి ఎంత ఆలోచించినా నా తప్పేమీ కనిపించడం లేదు. అది మంచు, ఎవరేం చేస్తారు? నువ్వు పక్కనుంచి స్లో, స్లో అని కంగారు పెట్టకపోయి ఉంటే బ్రేక్ అంత గట్టిగా తొక్కేవాణ్ణి కాదేమో.

ఇంకో సంగతి. అమ్మకీ రఘువీర్ వాళ్ళకీ బండి నువ్వే తోలావని చెప్పాను. పోలీస్ కాగితాల్లో నా పేరే ఉంది, వాళ్ళెవరూ అవి చూడరు. ఆడవాళ్ళ చేతిలో బండి జారిందంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నా సంగతి వేరు. నువ్వు అర్థం చేసుకుంటావని తెలుసు. ఇంకా ఆ ఊళ్ళో ఏం మిగిలింది? నోటీస్ ఇచ్చి వచ్చెయ్.

ప్రేమతో
ప్రకాశ్

ట్రావర్స్ సిటీ
జనవరి 30

సూర్యప్రకాశ్ గారికి,

ఆ మధ్యాహ్నం ముందు వాళ్ళంతా నత్తల్లా పోతున్నారని విసుక్కుంటూ ఒక్కో కార్‌నీ దాటుకుంటూ పోయారు. మెల్లగా అని నేను రెండుసార్లు అన్నాను. మీరు నవ్వారు. దిగుడులో స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే బండి నేరుగా జారి, అడ్డంగా వెళ్తున్న, మంచు కరగడానికి ఉప్పు చల్లే ట్రక్కుకి గుద్దుకుంది. నలిగింది అవని వైపు తలుపు. ఇదంతా మీకు తెలుసు. అయినా ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలని రాస్తున్నాను.

మొన్న మీ అమ్మగారు ఫోన్ చేశారు. స్పీకర్‌లో ఉందని ఆవిడకి తెలియదు. "నీ చేతికి బండి ఇవ్వొద్దని వాడికి చెప్తూనే ఉన్నాను, పిల్ల కాలు విరగ్గొట్టావు కదే" అన్నారు. నేను నోరు విప్పేలోపు అవని అందుకుంది. "నానమ్మా, అమ్మ డ్రైవ్ చేయలేదు. డాడీ చేశాడు. అమ్మ స్లో అని చెప్పింది" అంది. ఫోన్ పెట్టేశాక, "డాడీ లై ఎందుకు చెప్పాడు?" అని నన్ను అడిగింది. అది డాడీనే అడగాలన్నాను. పదేళ్ళ పిల్ల ఆ రోజు అన్నం తినలేదు.

మీకు తెలియనిది ఒకటుంది. మీరు రాకముందే నేను నోటీస్ ఇచ్చేశాను. ఫ్రిస్కోకి వచ్చేస్తున్నామని చెప్పడానికే ఆ రోజు మమ్మల్ని బయటికి భోజనానికి తీసుకెళ్ళమన్నాను. హోటల్‌లో చెబితే మీ మొహం ఎలా వెలుగుతుందో చూడాలని అవనీ నేనూ పందెం కూడా వేసుకున్నాం.

నిన్న మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఆ నోటీస్ వెనక్కి తీసుకున్నాను. మేమిద్దరం ఇక్కడే ఉంటాం. బండి జారినందుకు కాదు, ఆ తర్వాత మీరు చేసినదానికి.

ఆదివారం అవనికి ఫోన్ చేయండి. అది మళ్ళీ అదే అడుగుతుంది. ఈసారి జవాబు మీరే చెప్పండి.

పద్మిని