స్టీరింగ్ కాడ కూసున్నోడు

విశ్రాంతమ్మా,

జీపు చక్రాల కింద రాళ్లు తియ్యకు. గేర్లన్ని న్యూట్రల్‌ల ఉన్నయ్, కొంచెం కదిలినా పల్లంలకు జారుతది. పిల్లల్ని అసలు ఎక్కనియ్యకు. నువ్వు చర్చి నుంచి వచ్చేదాక ఆగలేను, కిరాయి ట్రాక్టరు చర్ల ఊర్ల అప్పజెప్పాలె.

నిన్న అడవిల ఆగిపోయిన జీపును ట్రాక్టరుకు తాడు కట్టి నేను గుంజుకొచ్చేటప్పుడు, మెకానిక్ భీమ్లాను దాని స్టీరింగ్ కాడ కూసోబెట్టిన. బ్యాటరీ లేదు, హారన్ మోగదు. గందుకే దిగుడు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కి, రేకు మీద పానాతో ఒక దెబ్బ కొట్టుమన్న. ప్రతి దిగుడుకు దెబ్బ వినబడ్డది. జీపు ఒక్కసారి గూడ వచ్చి ట్రాక్టరుకు తగల్లే. పనోడే అనుకున్న.

ఇప్పుడే భీమ్లా నడుచుకుంట వచ్చిండు, కాళ్లనిండ ముళ్లు. "వాగుకాడ నువ్వు ఆపినప్పుడు టైరు చూద్దామని దిగిన. పిలుస్తున్నా వినకుండ పోతివి గదన్నా" అంటుండు. దిగుళ్లన్ని, ఆ దెబ్బలన్ని వాగు దాటినంకనే. జీపు దగ్గరికి రమ్మంటే రాడు, గేటు బయటనే నిలబడ్డడు.

నిన్న పొద్దుగూకినంక నువ్వు "మెకానిక్ దిగుతలేడు, అన్నం ఆడికే ఇచ్చొస్త" అంటే, వానికి గంత మర్యాదేందని నీమీద కసిరిన. మనసుల పెట్టుకోకు.

మార్కు

భీమ్లాను నువ్వు ఎన్నడు చూడలేదు గద. పళ్లెం బానెట్ మీద పెట్టినవా, చేతికిచ్చినవా? చేతికే ఇచ్చి ఉంటే పిల్లల్ని తీసుకొని మీ అక్కింటికి పో. ఆ చెయ్యి ఎట్లుండెనో మాత్రం నాకు ఎప్పుడూ చెప్పకు.