నీ మొగుడికి పని లేదట

సువార్తా, నువ్వు పోయి ఏడాదయింది తల్లీ. చదవవని తెలిసే టీచరమ్మ గారి చేత రాయిస్తున్నాను.

పాప తిండికని నువ్వు కోర్టులో తెచ్చుకున్న మనోవర్తిని తగ్గించమని నీ మొగుడు పిటిషను వేశాడు. ఉద్యోగం వాడే మానుకున్నాడు. నిన్న వాయిదాకి నర్సీపట్నం కోర్టుకి ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "నాకు పని లేదండీ" అన్నాడు.

"పని లేదని నువ్వు అన్నం మానేసినావేటి? పిల్లెందుకు మానాల?" అన్నాను.

"గొంతు తగ్గించు అత్తా, ఇది సంత కాదు" అన్నాడు. జడ్జి గారు నన్ను కూర్చోమన్నారు.

తర్వాత కోర్టు గుమస్తా ఆ పిటిషనుకి నా జవాబు కాగితం మీద వేలిముద్ర వేయించాడు. మూడుసార్లు నొక్కినా మచ్చే తప్ప గీతలు పడలేదు.

"ఏటి మామ్మా, ఏలు ఇలాగ అరిగిపోనాది? ఏటి పని సేస్తావు?"

"జీడిపిక్కలు కొడతాను బాబూ. ఆ పెంకుల్లో నూనెకి కాలిపోనాది."

ఇంటికొచ్చాక టీచరమ్మ గారు ఆ కాగితం నకలు చదివారు. నా పేరు, వయసు, ఆ కింద "వృత్తి: ఏమీ లేదు" అని ఉంది. అడిగినవాడే అలా రాశాడు.

తీర్పు వచ్చే నెలకి వేశారు. అప్పటిదాకా నీ కూతురు నా లేని పని మీదే తింటుంది.