అక్కయ్య కుట్టిన అడ్డుతెర

గంగావతి తాలూకా క్యాంపు నుంచి,
మార్గశిర మాసం, ఆదివారం.

చిరంజీవి రామానికి,

అన్నయ్య దీవించి రాస్తున్నది. నేను, అక్కయ్య, అబ్బాయి, కోడలు, పిల్లలు అందరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరదలు సీతారత్నం షుగరు మాత్రలు వేళకు వేసుకుంటోందా? ఇంటిల్లిపాదీ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం మొదట్లో ఇవన్నీ అడగడం పద్ధతి కనుక అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను కూడా.

నీ ఉత్తరం గురువారం అందింది. జవాబుకి మూడు రోజులు పట్టింది. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి రాసి చింపేశాను. వాటిలో భాష బాగానే కుదిరింది గానీ, అక్కయ్య వినిపించమంటే పైకి చదవడానికి పనికొచ్చేవి కావు.

ముందు ఇక్కడి సంగతులు. కోతలు అయిపోయాయి. మిషన్లు వచ్చి రెండు రోజుల్లో క్యాంపు చుట్టూ ఉన్న చేలన్నీ గొరిగేసి పోయాయి. మేం వచ్చి రెండేళ్ళు దాటినా నాకు ఈ ఊరు ఇంకా ఒంటికి పట్టలేదు. కాలవ ఉంది, వరి ఉంది, వీధిలో సగం మంది మన జిల్లాల నుంచి కర్ణాటకకి వలసొచ్చిన వాళ్ళే. అయినా గాలి వేరు. పొడిగాలి. పెదవులు పగిలి, మాట్లాడితే నొప్పి పుడుతోంది. చెరువు చేప మట్టి వాసన వేస్తుందని కోడలు చింతపండు దట్టించి వండుతుంది. మంచి పిల్ల, వంక పెట్టను. పేపరు మధ్యాహ్నానికి వస్తుంది. తెచ్చుకున్న పుస్తకాలు రెండేసి సార్లు అయిపోయాయి. వాదించడానికి మనిషి లేడు. రిటైరైన మేష్టారొకాయన ఉన్నాడు గానీ, నేనేమన్నా "నిజవేనండి, నిజవేనండి" అంటాడు. అలాంటి వాడితో సాయంత్రం గడవదు. ఇలా రాశానని బెంగ పెట్టుకోకు. మాకు ఏ లోటూ లేదు.

చదివి ఇస్తానని నువ్వు పట్టుకెళ్ళిన నా పుస్తకాలు నాలుగు మీ అటక మీద ఉన్నాయి. నువ్వు చదవలేదని నాకు తెలుసు. ఎవరైనా ఇటు వస్తే వాళ్ళ చేతికివ్వు.

అక్కయ్యకి దసరాల్లో కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమది ఇంకా మసకే. అక్షరాలు ఆనవు. లేసు మాత్రం అల్లుతుంది. దారం కొక్కెం సూది మీదకి ఎన్నిసార్లు వచ్చిందో వేలికి తెలుస్తుందట. పూసలకే ఇబ్బంది. ఏది ఎరుపో ఏది ఆకుపచ్చో పిల్లల్ని అడగాలి. సాయంత్రం అయ్యేసరికి అరుగు మీద అయిదారుగురు ఆడపిల్లలు చేరతారు. సగం మందికి తెలుగు రాదు. ఆమెకి కన్నడం రాదు. అల్లిక సాగుతూనే ఉంటుంది. రాజమండ్రి వెళ్ళినప్పుడు సన్న గాజుపూసలు రెండు పొట్లాలు కొనిపెట్టు. ఇక్కడ దొరికేవి ప్లాస్టిక్‌వి, సూదికి జారిపోతున్నాయని ఆమె గొణుగుతోంది.

ఇక నీ ఉత్తరం సంగతి. శ్రావణి పెళ్ళి కుదిరినందుకు సంతోషం. నీ చేతుల్లో పెరిగిన మనవరాలు, అన్నవరం కొండ మీద, మాఘమాసంలో. అంతా బాగుంది. మూడో పేజీలో నువ్వు రాసిన రెండు వాక్యాలే బాగా లేవు. ఒకటి: "అక్కయ్య కుట్టిన పాత అడ్డుతెర ఉంటే పంపించు, శ్రావణి ముచ్చటపడుతోంది, వీడియోలో బాగుంటుందట." రెండోది: "అక్కయ్యకి ఆ నడుంతో అంత దూరం ప్రయాణం కష్టం, ఇబ్బంది పెట్టొద్దు."

నీ కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు కనుక ఈ ఉత్తరం శ్రావణి చేతే చదివించుకుంటావు. అందుకని కొన్ని సంగతులు ఆ పిల్ల కోసం రాస్తున్నాను. అమ్మా శ్రావణీ, గొంతు తగ్గించకుండా చదువు.

మా అక్కయ్యని నరసాపురం అవతల ఒక పల్లెకి ఇచ్చారు. పెళ్ళినాటికి పదమూడేళ్ళు. తెరచాప పడవ మీద గోదావరి దాటి కాపురానికి వెళ్ళింది. ఆ పల్లెలో ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళు లేసు అల్లేవారు. అత్తగారు పడుకున్నాక పక్కింటి అరుగు మీద చూసి నేర్చుకుంది. పంతొమ్మిదో ఏట భర్త టైఫాయిడ్‌తో పోయాడు. మరుసటి వానాకాలం మూడేళ్ళ కూతురు కోమలి జ్వరంతో పోయింది. ఆ పిల్ల గౌనుకి అక్కయ్య లేసు అంచు అల్లుతూ ఉండగానే పోయింది. సగం అల్లిన అంచు ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది. ఎవరికీ చూపించదు. ఒకసారి నాకు కనబడింది, మూత వేసేశాను.

అత్తవారు ఒక రేకు పెట్టె ఇచ్చి పడవ ఎక్కించారు. ఆమె మా ఇంటికి వచ్చేసరికి మా అమ్మ పోయి ఏడాదయింది. నాకు పదిహేనేళ్ళు. మీ తాతకి ఆరేళ్ళు, ఒళ్ళంతా గజ్జి. వేపాకు, పసుపు నూరి రాసి, వేడినీళ్ళతో కడిగి, ఏడుస్తుంటే ఎత్తుకుని, బడి దాకా దింపి వచ్చింది ఆమే. ఆరేళ్ళవాడిని ఎత్తుకున్న మనిషి నడుం గురించి ఆయనకిప్పుడు బెంగ పట్టుకుంది.

మిగిలిన పొద్దు ఆమె చేతులు ఊరుకోలేదు. రేడియోకి ముసుగు, విసనకర్రకి అంచు, పాత చీరలతో బొమ్మలు, ఆ బొమ్మలకి పూసల కళ్ళు. ఊళ్ళో ఏ పిల్ల పెళ్ళయినా పెళ్ళికూతురు చేతిలో పట్టుకునే కొబ్బరిబొండాం మా ఇంటికే వచ్చేది. పసుపు పూసి, బంగారు కాగితం అంటించి, అద్దం ముక్కలూ పూసలూ పొదిగి ఇచ్చేది. ఆమె మాత్రం ఆ పెళ్ళిళ్ళలో వంటింటి గడప దాటేది కాదు.

మీ అమ్మ పద్మ పెళ్ళికి రెండు వానాకాలాలు కూర్చుని అడ్డుతెర కుట్టింది. ఉప్పాడ నేత గుడ్డ, నాలుగు పక్కలా లేసు, నడుమ పూసలతో తెరచాప పడవ. జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టుకునేందుకు. ముహూర్తం దగ్గర పడి, పెళ్ళి చేయిస్తున్న బ్రహ్మగారు "తెర ఏదండీ?" అని అడిగితే, వంటింట్లోంచి మడత పెట్టి పంపింది. రెండు నిమిషాల్లో అది తిరిగి వచ్చింది. తెచ్చింది మీ అమ్మమ్మే.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. మా అమ్మ ఒప్పుకోవడం లేదండి. పీటల మీద మొదట కళ్ళబడేది ఇదే కదాండీ, ఏదన్నా అయితే జన్మంతా మిమ్మల్నే అంటారండి."

"సర్లే అమ్మా. జీలకర్ర నూరడం అయిందా?" అంది అక్కయ్య.

మీ తాత కండువా విప్పి ఇస్తే దాన్నే తెరగా పట్టుకున్నారు. అదే పెళ్ళిలో మీ అమ్మ చేతిలో ఉన్న బొండాం కూడా అక్కయ్య అలంకరించిందే. దాన్ని ఎవరూ వెనక్కి పంపలేదు. ఎవరు చేశారో ఎవరూ అడగలేదు కనుక. ఆ తరవాత నేను దొరికిన ధర్మశాస్త్రాలన్నీ వరసగా చదివాను. అడ్డుతెర ఎవరు కుట్టాలో, ఎవరు కుట్టకూడదో ఏ ఋషీ రాయలేదు. ఇది ఋషుల మాట కాదు, పెరట్లో గుసగుస.

రామం, ఇక నీతో.

గురువారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం ఆమెకి చదివాను. ఆ రెండు వాక్యాలూ వదిలేశాను.

"ఎక్కడో మింగావురా," అంది.

"ఏం మింగలేదే."

"మూడో కాయితం తిప్పావు, వెంటనే నాలుగోది తిప్పావు. నాకు కళ్ళు మసకగానీ చెవులు బాగానే ఉన్నాయి. చదువు."

చదివాను. ఆమె నవ్వింది. పక్కనున్న పిల్లలకి అర్థం కాకపోయినా వాళ్ళూ నవ్వారు.

"రామానికి నా నడుం మీద ఎంత అభిమానమో చూడు!"

"పంపక్కర్లేదు. ఎలకలు కొట్టేశాయని రాసేస్తాను," అన్నాను.

"నా పెట్టెలో ఎలకలా? నా పరువు తియ్యకు."

"అయితే ఆ రోజు మర్చిపోయావన్నమాట."

"నేనెందుకు మర్చిపోతాను? నా బదులు కోపం తెచ్చుకునే పని నువ్వు చేస్తున్నావుగా, ఇరవై ఏళ్ళ పైనే అయింది. ఆ రోజు మాత్రం రెండో బంతిలో కూచుని బూరెలు తిన్నావు."

అది నిజం. ఆ రోజు నేను వరండాలో పుస్తకం చదువుకుంటున్నాను. మడత పెట్టిన తెర చేత్తో పట్టుకుని ఆమె పెరట్లోకి వెళుతుంటే చూశాను. ఏమైందో క్షణంలో అర్థమైంది. "పోనీలే అక్కయ్యా, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే గొడవెందుకు" అన్నాను. తరవాత భోజనానికి లేచాను. ఇన్నాళ్ళూ నిన్నూ మరదలినీ తిట్టుకున్నాను. ఆ వరసలో నా పేరు కూడా ఉందని ఆమె ఎప్పుడో చూసింది. నేను గురువారం చూశాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ తెర పాతదే గానీ వాడనిది కాదు. పోయిన వేసవిలో మా పక్కింటి బసమ్మ, కన్నడం మనిషి, అక్కయ్య పెట్టె తెరిచి ఉండగా చూసి "అంతరపట!" అని అరిచింది. వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ అడ్డుతెర ఉంటుందట. మనవరాలి పెళ్ళికి కావాలంది. అక్కయ్య తన సంగతి చెప్పింది. వద్దమ్మా అంది.

బసమ్మకి వచ్చిన తెలుగు కొంచెమే. "నాకూ మొగుడు లేదు. మనవరాలిని పెంచింది ఎవరు? నేను. అన్నం పెట్టే చెయ్యి మంచిది, తెర పట్టే చెయ్యి చెడ్డదా?" అంది. తెరతో పాటు అక్కయ్యనీ చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కుపోయింది. ఒక కొస బసమ్మ, ఒక కొస అక్కయ్య. డెబ్బయి ఆరేళ్ళకి అక్కయ్య ఒక పెళ్ళి కళ్ళారా చూసింది. ఇంటికి వచ్చి, "సూర్యం, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ పిల్ల కళ్ళు మూసుకుందిరా" అంది. ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

ఇవాళ పొద్దున కాయితం, కలం తెచ్చి నన్ను కూర్చోబెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"తెర వస్తుందని రాయి. దాంతో నేనూ వస్తానని రాయి. ఒక కొస నేనే పట్టుకుంటాను."

"వాళ్ళు కాదంటే?"

"కాదంటే కొండెక్కి స్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, పిల్లని దీవించి వచ్చేస్తాను. తెర పెట్టెలో ఉంటుంది. కొట్లాటేం లేదు."

"రెండో కొస?"

"సీతారత్నాన్ని పట్టుకోమను."

కలం కింద పెట్టాను. "ఆవిడ్ని క్షమించేశావా?"

"క్షమించడాలేంట్రా, పుస్తకాల మాటలు! తెర సమంగా ఉండాలి. బసమ్మ పొట్టిది. ఆ పక్క కిందకి వంగిపోయి పెళ్ళికొడుకు ముందే చూసేశాడు, అందరూ ఒకటే నవ్వు. సీతారత్నం నా ఎత్తే. మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నా రవికలే తొడుక్కునేది."

రామం, నేనయితే ఈ ఉత్తరం ఇలా రాయను. నా మాట వింటే తెర పంపడమే లేదు. కానీ తెర నాది కాదు. ఆ రోజు మాట్లాడవలసిన చోట మాట్లాడని వాడికి ఇవాళ అడ్డు చెప్పే హక్కు కూడా లేదు. ఈసారి నేను వరండాలో కూర్చోను. పందిట్లో ఆమె వెనకాల నిలబడతాను. ఎవరు గొణిగినా నాకు వినబడుతుంది.

జవాబు నువ్వు ఆలోచించి రాయొద్దు. మరదలిని అడిగి, ఆమె ఏమంటే అది రాయి. శ్రావణి ముందు అడుగు. హోస్పేటలో రైలెక్కి బెజవాడలో మారాలి కనుక టిక్కెట్లు ముందుగా తీసుకోవాలి. పుష్యమాసం వెళ్ళేలోగా ఒక కార్డు ముక్క చాలు.

పద్మకీ అల్లుడికీ మా దీవెనలు. మన వీధిలో మమ్మల్ని అడిగేవాళ్ళెవరైనా ఉంటే అడిగామని చెప్పు. పెళ్ళికూతురికి అక్కయ్య ప్రత్యేకంగా ఆశీస్సులు చెప్పమంది. మా గురించి దిగులు వద్దు, ఇక్కడ అంతా కులాసా.

ఇంకొక్క మాట రాయమంటోంది. ఇన్నేళ్ళలో సీతారత్నం నడుం కాస్త వంగి ఉంటే మొహమాటపడొద్దట. తనదీ వంగింది కనుక ఎత్తు సరిపోతుందంటోంది.

మీ మేలు కోరే
అన్నయ్య, సూర్యం