అన్న వదిలిన ఖాళీ గడి

మంగళవారం, రాత్రి

మా చీరల వెబ్ పేజీలో అన్న కట్టిన గడుల టేబుల్ ఈ పొద్దు తీసేసినా. ఫోన్‌లో చీరలు సగమే కనపడతాండాయని మా చీరలు కొనే మైదుకూరు అంగడాయన శానా సార్లు చెప్పినాడు. తెర వెడల్పును బట్టి వరసలు మార్చుకునే గ్రిడ్‌లో పెడితే అన్నీ సర్దుకున్యాయి. బాగుండాది. నాకేమీ అనిపించలేదు. అన్న పోయినప్పటి నుంచి ఇంతే.

వదిన మగ్గం గుంతలోనుంచి లేచొచ్చి, ఫోన్‌లో చివరి దాకా చూసింది.

"చీరలన్నిటి చివర మీ అన్న పెట్టిన ఖాళీ గడి యాడప్పా?"

"దాంతో పనిలేదు వదినా. కొత్త చీరొస్తే చోటు దానంతటదే వస్తాది."

"మగ్గం మింద నిలువు పోగుల పడుగు అయిపోయినా పాత పోగుల కొనలు అచ్చు పళ్ల సందుల్లోనే ఉంచుతాం గదా, కొత్త పడుగు అతకడానికి. అది చూసే మీ అన్న ఆ గడి వదిలేటోడు" అని పోయి మళ్లీ మగ్గంలో కూచునింది.

నేనూ మగ్గమున్న ఇంట్లో పుట్టినోన్నే. ఇది తట్టలేదు.

ఇందాక ఆ గడి మళ్లీ పెట్టినా. కనపడలేదు. టేబుల్‌లో అయితే చీరల పక్కన ఖాళీదైనా నిలబడేది. గ్రిడ్‌లో అది కింద వరసలో ఒంటిగా పడింది, లోపల ఏమీ లేకపోతే ఆ వరసకు ఎత్తే ఉండదు. పై చీరకున్నంత ఎత్తు దీనికీ రాసినా. అప్పుడు నిలబడింది.

తెల్లగా, చీరంత. దాన్నే చూస్తా కూచోనుండా...