నల్లేరు కట్టు

మహిమా, లేచినంక విరిగిన నీ చేతికి నల్లేరు కట్టు కట్టుకో. దొడ్డి గోడ మీది తీగకున్న లేత కణుపులు తెంపి, నూరి, పసుపు కలిపి వెచ్చజెయ్యాలె. దురద పెడ్తది, ముందుగాల చేతులకు నూనె రాసుకోవాలె. నీ ఒంటి చేతితోని కాదు, పక్కింటి లస్మవ్వను పిలువు.

నువ్వు నొప్పి గోలి ఏసుకొని పండుకున్నంక, నిన్ను కొట్టిన నీ మొగడు జేమ్స్ చెయ్యిని రోకలితోని విరగ్గొట్టిన. "అవ్వా, కన్నకొడుకునే కొడ్తవా!" అని మొత్తుకున్నడు. ఇంకొకటి ఏసిన. ఇప్పుడు వాన్ని ఆటోల ఠాణాకు తీస్కపోతున్న. వాడు చేసింది, నేను చేసింది రెండూ చెప్త. వచ్చినంక నిన్ను మంచిర్యాల దవాఖానల చూపిస్త.

వాకిట్ల నెత్తురు నేనొచ్చి కడుగుత, నువ్వు వంగకు.

నీ అత్త, ప్రేమమ్మ

ఆగమాగంల రాసిన బిడ్డా. అక్షరాలు వంకర పోయినయి, కూడబలుక్కొని చదువు.